థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మళ్ళీ వస్తుందేమోనన్న భయం: పేషెంట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఓపీకి వచ్చే పేషెంట్లూ వాళ్ళ ఇంటివాళ్ళూ నన్ను అడిగే ప్రశ్నలివి. మన దగ్గర చాలామందికి ఆపరేషన్ వేలూరులోనో చెన్నైలోనో అవుతుంది, అయోడిన్ వైద్యం (మిగిలిన థైరాయిడ్ కణాల్ని కరిగించే రేడియోధార్మిక అయోడిన్ మందు) ఇంకో చోట, రక్త పరీక్షలు పలమనేరులోనో పీలేరులోనో ఇంటికి దగ్గరున్న ల్యాబులో. ఒక చోటి కాగితం ఇంకో చోటికి చేరదు. మళ్ళీ వచ్చిందా లేదా అన్నది ఏ ఒక్క రిపోర్టూ తేల్చదు. ఏళ్ళ తరబడి వచ్చిన రిపోర్టులు వరసగా పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఎక్కువమందికి వచ్చే పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాల గురించే ఇక్కడ ఎక్కువగా ఉంటుంది. మెడుల్లరీ రకం దారి వేరు, దానికి కింద విడిగా ఒక ప్రశ్న ఉంది.

గ్రంథి మొత్తం తీసేశారు కదా, ఇంక లేని చోట క్యాన్సర్ ఎలా వస్తుంది?

గ్రంథి తీసేటప్పటికే కొన్ని క్యాన్సర్ కణాలు మెడలోని లింఫ్ గ్రంథుల్లోకి వెళ్ళి ఉండొచ్చు. అప్పటికి అవి ఏ స్కానింగ్‌లోనూ కనిపించనంత చిన్నవి. పాపిల్లరీ రకం ఎక్కువగా మెడలోని లింఫ్ గ్రంథుల్లోనే మళ్ళీ కనిపిస్తుంది. ఫాలిక్యులర్ రకం రక్తం ద్వారా ఊపిరితిత్తులకో ఎముకలకో వెళ్ళే అవకాశం ఉంది. గ్రంథి ఉన్న చోట మిగిలిన కాస్త కణజాలంలో రావడం కూడా ఉంటుంది. ఇవి చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి. మళ్ళీ వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి మొదటి ఐదేళ్ళలోనే బయటపడుతుంది, కానీ పదేళ్ళ తర్వాత, ఇరవై ఏళ్ళ తర్వాత కనిపించిన వాళ్ళూ ఉన్నారు. చెకప్‌ల మధ్య గడువు పెరుగుతుంది గానీ చెకప్ పూర్తిగా ఆగదని చెప్పేది అందుకే.

డాక్టరుగారు స్టేజ్ 1 అన్నారు. మరి మళ్ళీ మళ్ళీ చెకప్‌కి రమ్మంటారెందుకు?

ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. థైరాయిడ్ క్యాన్సర్‌లో స్టేజ్ అనేది ప్రాణానికి ఎంత ముప్పు ఉందో చెప్పడానికి తయారైన లెక్క. మళ్ళీ వచ్చే అవకాశాన్ని అది చెప్పదు. 55 ఏళ్ళ లోపు వాళ్ళకైతే మెడలో ఎన్ని లింఫ్ గ్రంథులకి పాకినా, దూరపు అవయవాలకి పాకనంత వరకు స్టేజ్ 1 అనే రాస్తారు. ప్రాణభయం చాలా తక్కువన్నది నిజం. అదే మనిషికి మెడలో మళ్ళీ గడ్డ వచ్చే అవకాశం మాత్రం తక్కువేమీ కాకపోవచ్చు.

మళ్ళీ వచ్చే అవకాశాన్ని తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని వేరేగా లెక్కకడతారు. గడ్డ సైజు, రకం, గ్రంథి బయటికి పాకిందా, రక్తనాళాల్లోకి చొరబడిందా, ఎన్ని లింఫ్ గ్రంథుల్లో ఉంది, అవి ఎంత పెద్దవి అన్నవన్నీ చూస్తారు. ఈ వివరాలన్నీ ఆపరేషన్ తర్వాత ఇచ్చిన ముక్క పరీక్ష రిపోర్టులో ఉంటాయి. మీ డాక్టర్ని "స్టేజ్ ఎంత" అని అడగడంతో ఆపకండి. "మళ్ళీ వచ్చే రిస్క్ ఏ గుంపులో ఉంది" అని కూడా అడగండి. ఈ లెక్క మారుతుంది కూడా. మొదట రిస్క్ ఎక్కువన్న వాళ్ళకి ఏడాది రెండేళ్ళ తర్వాత రిపోర్టులన్నీ శుభ్రంగా వస్తే కింది గుంపులోకి తెస్తారు.

ఏ పరీక్షలు, ఎన్నాళ్ళకోసారి?

ముఖ్యమైనవి మూడే: డాక్టర్ చేత్తో మెడ నొక్కి చూడటం, రక్తంలో థైరోగ్లోబ్యులిన్‌తో (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రొటీన్) పాటు దాని యాంటీబాడీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కణాల్ని ప్రేరేపించే హార్మోన్), ఇంకా మెడ అల్ట్రాసౌండ్ స్కానింగ్.

ఆపరేషన్ అయిన నాలుగైదు వారాలకి థైరోగ్లోబ్యులిన్ ఒకసారి చూస్తారు. అప్పటికి అది తగ్గాల్సినంత తగ్గి ఉంటుంది. ఆరు నెలల నుంచి ఏడాది లోపల మెడ స్కానింగ్ చేస్తారు. ఆ తర్వాత మొదట్లో రక్త పరీక్ష ఆరు నెలల నుంచి ఏడాదికోసారి. రిస్క్ ఎక్కువుంటే ఇంకా దగ్గర దగ్గరగా పిలుస్తారు. రిస్క్ తక్కువుండి అన్నీ బాగుంటే ఏడాదికో రెండేళ్ళకోసారి సరిపోతుంది.

ప్రతి మూడు నెలలకీ థైరాయిడ్ టెస్ట్ చేయిస్తూనే ఉన్నాం, నార్మల్ అనే వస్తోంది. అది చాలదా?

చాలదు. ల్యాబులో "థైరాయిడ్ ప్రొఫైల్" అంటే టీ3, టీ4, టీఎస్‌హెచ్. గ్రంథి తీసేశాక మీరు రోజూ వేసుకునే థైరాయిడ్ హార్మోన్ మాత్ర డోసు సరిపోతోందా అన్నది చెప్పడానికే అవి ఉపయోగపడతాయి. క్యాన్సర్ మళ్ళీ వచ్చిందా అన్నది వాటిలో కనిపించదు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో కూడా మామూలుగా ఈ మూడే ఉంటాయి. ఏళ్ళ తరబడి బుద్ధిగా ఈ ప్రొఫైల్ చేయించుకుంటూ, థైరోగ్లోబ్యులిన్ ఒక్కసారీ చూపించుకోని వాళ్ళు మా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళ శ్రద్ధలో లోపం లేదు, ఆ సంగతి వాళ్ళకి చెప్పిన వాళ్ళే లేరు. చీటీ మీద థైరోగ్లోబ్యులిన్ అని పూర్తిగా రాయించుకుని ల్యాబుకి వెళ్ళండి.

అసలు థైరోగ్లోబ్యులిన్ అంటే ఏమిటి? ఎంత ఉండాలి?

థైరాయిడ్ కణాలు మాత్రమే తయారుచేసే ఒక ప్రొటీన్ అది. మామూలు థైరాయిడ్ కణాలూ చేస్తాయి, పాపిల్లరీ, ఫాలిక్యులర్ క్యాన్సర్ కణాలూ చేస్తాయి. గ్రంథి మొత్తం తీసేసి, మిగిలిన కణజాలాన్ని అయోడిన్ వైద్యంతో కరిగించాక శరీరంలో దాన్ని తయారుచేసేవి ఉండకూడదు. కాబట్టి రక్తంలో అది కనిపిస్తోందంటే ఎక్కడో థైరాయిడ్ కణాలు మిగిలి ఉన్నాయన్నమాట.

గ్రంథి పూర్తిగా తీసి అయోడిన్ కూడా ఇచ్చిన వాళ్ళకి, మాత్ర వేసుకుంటుండగా చేసిన పరీక్షలో మిల్లీలీటరు రక్తానికి 0.2 నానోగ్రాముల కన్నా తక్కువ ఉండి, యాంటీబాడీ లేకుండా, స్కానింగ్ శుభ్రంగా ఉంటే దాన్ని చాలా మంచి ఫలితంగా లెక్కేస్తారు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల్లో ఇచ్చిన గీత ఇది, మన డాక్టర్లు కూడా ఎక్కువమంది దీన్నే చూస్తారు. అక్కడిదాకా వచ్చిన వాళ్ళలో మళ్ళీ వచ్చేది నూటికి ఒకరి నుంచి నలుగురికి మాత్రమే. 1 లేదా అంతకన్నా ఎక్కువ ఉండి స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోతే, రక్తంలో మాత్రం ఇంకా పూర్తిగా పోలేదని అర్థం. 0.2కీ 1కీ మధ్య ఉంటే ఇప్పుడే ఏమీ తేల్చలేమని చెప్పి వేచి చూస్తారు. ఈ మధ్య గుంపులో ఉన్న వాళ్ళలో ఎక్కువమందికి కాలం గడిచే కొద్దీ అంకె అలాగే నిలకడగా ఉంటుంది లేదా దానంతటదే తగ్గిపోతుంది.

రిపోర్టులో అంకె పక్కన ల్యాబు వేసే నార్మల్ రేంజ్‌ని పట్టించుకోకండి. అది గ్రంథి ఉన్న మనుషులకి. గ్రంథి తీసేసిన మీకు 10 వచ్చినా ఆ కాగితం నార్మల్ అనే చూపిస్తుంది, కానీ మీ విషయంలో అది నార్మల్ కాదు.

థైరోగ్లోబ్యులిన్‌తో పాటు యాంటీబాడీ టెస్ట్ కూడా రాశారు. ఖర్చు కోసం అది వదిలేయొచ్చా?

వద్దు. పేషెంట్లలో దాదాపు నాలుగో వంతు మందికి రక్తంలో యాంటీ థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీ ఉంటుంది. అది ఉంటే థైరోగ్లోబ్యులిన్ అసలు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, ఒక్కోసారి సున్నా అనే చూపిస్తుంది. యాంటీబాడీ చూడకుండా వచ్చిన సున్నాని నమ్మలేం. అలాంటి వాళ్ళలో యాంటీబాడీ అంకెనే గుర్తుగా పెట్టుకుంటాం. అది ఏటేటా తగ్గుతూ వస్తే మంచి సూచన, పూర్తిగా పోవడానికి కొన్నేళ్ళు పట్టొచ్చు. తగ్గి తగ్గి మళ్ళీ పెరగడం మొదలుపెడితే వెతకాలి.

ల్యాబుల్లో జరిగే ఒక పొరపాటు కూడా చెప్పాలి. "థైరాయిడ్ యాంటీబాడీ" అని నోటిమాటగా చెబితే యాంటీ టీపీఓ చేసి ఇస్తారు. అది వేరే పరీక్ష, ఇక్కడ మనకి పనికి రాదు.

పోయినసారి 0.3, ఈసారి 0.6. రెండింతలైంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. రిపోర్టు ఫోన్లో రాత్రి పూట వస్తుంది, అడగడానికి ఎవరూ ఉండరు, తెల్లవార్లూ దాన్నే చూస్తూ కూర్చుంటారు. ముందు మూడు విషయాలు చూడండి.

రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో చేశారా? ఒకే రక్తాన్ని రెండు రకాల మిషన్ల మీద పెడితే రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. పోయినసారి తిరుపతిలో, ఈసారి మదనపల్లెలో చేయించి ఉంటే ఆ రెండింటినీ పోల్చడమే కుదరదు. కలెక్షన్ సెంటర్ మీ ఊళ్ళోదే అయినా రక్తం ఏ ల్యాబుకి వెళ్తుందో, ఏ పద్ధతిలో చేస్తారో రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ప్రతిసారీ ఒకటే ఉండేలా చూసుకోండి.

రెండోది, ఆ రోజు టీఎస్‌హెచ్ ఎంత? టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ కణాలు ఎక్కువ థైరోగ్లోబ్యులిన్ వదులుతాయి. పోయినసారి టీఎస్‌హెచ్ 0.2, ఈసారి మాత్రలు సరిగా వేసుకోక 8 ఉంటే, పెరిగిన అంకెకి కారణం అదే కావొచ్చు. మాత్రలు సరిచేసుకుని కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయిస్తే తెలుస్తుంది.

మూడోది, ఆ ముందు సార్లు ఎంత? 0.4, 0.3, 0.5, 0.3, 0.6 అని ఊగుతుంటే పెద్ద అర్థం లేదు. 0.3, 0.6, 1.4, 3 అని ఎక్కుతుంటే ఎంత చిన్న అంకెలైనా ఊరుకోకూడదు. ఎన్నాళ్ళకి రెండింతలవుతోందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఒక ఏడాది లోపలే రెండింతలవుతూ పోతుంటే తొందరగా వెతుకుతాం.

జుట్టు ఊడుతోందని మాత్రలు వాడుతున్నాను. వాటితో ఏమైనా ఇబ్బందా?

వాటిలో బయోటిన్ ఉంటే పరీక్ష తప్పుదారి పడుతుంది. చాలా ల్యాబు మిషన్లలో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్, థైరోగ్లోబ్యులిన్ రెండూ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి. ఎక్కువ డోసు అయితే ఇంకా ముందుగా ఆపాల్సి ఉంటుంది, డాక్టర్ని అడగండి.

నాకు గ్రంథి సగమే తీశారు. నా థైరోగ్లోబ్యులిన్ 9 ఉంది. భయపడాలా?

మిగిలిన సగం గ్రంథి దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది కాబట్టి పైన చెప్పిన గీతలు మీకు వర్తించవు. మీకు మెడ స్కానింగే ముఖ్యం. మిగిలిన సగంలో కొత్త గడ్డ ఏమైనా వస్తోందా అన్నది కూడా అందులోనే చూస్తారు. థైరోగ్లోబ్యులిన్ ఏటా పెరుగుతూ పోతే మాత్రం చెప్పండి.

మెడ స్కానింగ్‌లో "లింఫ్ నోడ్స్ కనిపించాయి" అని రాశారు. మళ్ళీ వచ్చినట్టేనా?

ఆ ఒక్క వాక్యంతో కాదు. మెడలో లింఫ్ గ్రంథులు అందరికీ ఉంటాయి. పన్ను పుచ్చినా, గొంతు నొప్పి వచ్చినా బిళ్ళలు కడతాయి, స్కానింగ్‌లో కనిపిస్తాయి. డాక్టర్ చూసేది వాటి తీరు. పొడవుగా, మధ్యలో కొవ్వు గీత కనిపిస్తూ ఉంటే మామూలువే. గుండ్రంగా మారి, ఆ గీత పోయి, లోపల సున్నపు చుక్కలో నీటి సంచులో కనిపిస్తే, అంచుల వెంట రక్తప్రసరణ ఎక్కువుంటే అనుమానించాలి.

అనుమానం ఉన్నా వెంటనే సూది పరీక్ష చేయరు. ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల కన్నా చిన్నవైతే, పెరగకుండా ఉంటే, కొన్ని నెలలకోసారి స్కానింగ్‌తో కనిపెట్టి చూడటమే సరైన పద్ధతి. "ఉందని తెలిసి ఊరుకుంటారా" అని ఇంటివాళ్ళు కోప్పడతారు. అది ఊరుకోవడం కాదు. ఒకసారి ఆపరేషన్ అయిన మెడని మళ్ళీ కోస్తే గొంతు నరానికీ, కాల్షియం చూసే పారాథైరాయిడ్ గ్రంథులకీ దెబ్బ తగిలే ప్రమాదం మొదటిసారి కన్నా ఎక్కువ. చాలా చిన్న గడ్డలు ఏళ్ళ తరబడి కదలకుండా అలాగే ఉండిపోతాయి. వాటి కోసం ఆ రిస్క్ తీసుకోవడం పేషెంటుకి మేలు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

సూది పరీక్ష చేసినప్పుడు సూదిని కడిగిన నీటిలో థైరోగ్లోబ్యులిన్ కూడా చూడమని అడగండి. కణాలు సరిగా రాకపోయినా ఆ అంకెతో విషయం తేలుతుంది.

ఇంకో మాట. ఈ స్కానింగ్ విలువంతా చేసే మనిషి చేతిలోనే ఉంది. థైరాయిడ్ ఆపరేషన్ అయిన మెడలు తరచుగా చూసే రేడియాలజిస్ట్ దగ్గర చేయించుకోండి, పాత రిపోర్టు తప్పకుండా చూపించండి.

మా ఊరి డాక్టర్ టీఎస్‌హెచ్ 0.08 చూసి "మాత్ర ఎక్కువైంది, సగం చేయి" అన్నారు. తగ్గించాలా?

మీకు క్యాన్సర్ ఆపరేషన్ అయిందని ఆయనకి చెప్పారా? ముందు అది చెప్పండి. మామూలు థైరాయిడ్ పేషెంటుకైతే ఆయన మాట నిజమే. మీకు మాత్రం కావాలనే అలా ఉంచి ఉండొచ్చు. టీఎస్‌హెచ్ థైరాయిడ్ కణాల్ని పెరగమని ప్రేరేపిస్తుంది. అందుకే రిస్క్ ఎక్కువున్న వాళ్ళకి 0.1 కన్నా కిందికి, మధ్యస్థంగా ఉన్నవాళ్ళకి 0.1 నుంచి 0.5 మధ్యకి తొక్కి ఉంచుతారు. రిస్క్ తక్కువుండి పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నవాళ్ళకి 0.5 నుంచి 2 మధ్య ఉంటే చాలు.

ఇంకోవైపు, అవసరం తీరిపోయాక కూడా ఏళ్ళ తరబడి అంత కిందికి తొక్కి ఉంచితే గుండె దడ, గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం వస్తాయి. ముట్లుడిగిన ఆడవాళ్ళకి, అరవై దాటిన వాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ప్రతి చెకప్‌లో "నా టీఎస్‌హెచ్ ఇప్పుడు ఎంతలో ఉండాలి" అని అడిగి ఆ అంకెని ఫైలు పైన రాసి పెట్టుకోండి. ఊళ్ళో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా అది కనిపించాలి. డోసు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే టీఎస్‌హెచ్ చేయించండి. అంతకు ముందు చేస్తే సరైన అంకె రాదు.

మాత్ర ఎలా వేసుకోవాలి? కాఫీ, ఉపవాసాలు, కాల్షియం మాత్రల సంగతేంటి?

పొద్దున్నే పరగడుపున నీళ్ళతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా వద్దు. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆపరేషన్ తర్వాత పెదవుల చుట్టూ, వేళ్ళ చివర్లలో తిమ్మిర్లు వస్తుంటే కాల్షియం తక్కువైందేమో, వెంటనే చూపించుకోవాలి.

శనివారం ఉపవాసమైనా, ఏకాదశి అయినా మాత్ర ఆపొద్దు. నీళ్ళతో మాత్ర వేసుకుంటే దేవుడికేమీ కోపం రాదు. రంజాన్ నెలలో సహరీకి అరగంట, గంట ముందు లేచి వేసుకోవచ్చు, లేదా రాత్రి తిన్న మూడు గంటల తర్వాత పడుకునేటప్పుడు వేసుకోవచ్చు. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ లాంటి వాటిలో మీరు వాడేది ఏదైనా ఒకే బ్రాండ్ మీద ఉండండి. మారిస్తే డాక్టర్‌కి చెప్పండి. మన ఎండలకి మాత్రల డబ్బాని కిటికీ పక్కనా బండి డిక్కీలోనా పెట్టకండి.

రాగి సంగటి, క్యాబేజీ తినకూడదంటున్నారు?

గ్రంథి పూర్తిగా తీసేసిన వాళ్ళు హాయిగా తినొచ్చు. థైరాయిడ్‌కి చెరుపు చేస్తాయన్న మాట గ్రంథి పనికి సంబంధించింది. లేని గ్రంథికి చెరుపు ఏముంటుంది! క్యాన్సర్ మళ్ళీ రావడానికీ సంగటికీ ఏ సంబంధమూ లేదు. పాపం, అమ్మమ్మలకి ఇష్టమైన తిండి మాన్పించకండి.

ఒళ్ళంతా అయోడిన్ స్కాన్ ప్రతి ఏడాదీ చేయించాలా?

అక్కర్లేదు. రిస్క్ తక్కువుండి, థైరోగ్లోబ్యులిన్ శుభ్రంగా ఉండి, మెడ స్కానింగ్ బాగున్న వాళ్ళకి దాని వల్ల కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. రిస్క్ ఎక్కువున్న వాళ్ళకి, లేదా రక్తంలో అంకె పెరుగుతూ మెడలో ఏమీ దొరకని వాళ్ళకి అవసరం పడొచ్చు. థైరోగ్లోబ్యులిన్ బాగా ఎక్కువుండి అయోడిన్ స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే పెట్ సీటీ అనే ఇంకో రకం స్కాన్ చేస్తారు. తిరుపతిలో స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. చిత్తూరు వాళ్ళకి తిరుపతి కంటే వేలూరు సీఎంసీ దగ్గర. ఎక్కడైనా ఒకచోట కుదురుగా చూపించుకోవడం మంచిది.

అయోడిన్ స్కానుకో వైద్యానికో ముందు టీఎస్‌హెచ్ 30 దాటాలి. అందుకోసం మాత్ర మూడు, నాలుగు వారాలు ఆపుతారు. ఆ రోజుల్లో నీరసం, మలబద్ధకం, చలి, ఏడుపు రావడం ఉంటాయి. ఇంట్లోవాళ్ళు దీన్ని బద్ధకం అనుకోకూడదు, పొలం పనీ ఇంటి పనీ కొంచెం పంచుకోవాలి. మాత్ర ఆపకుండా టీఎస్‌హెచ్ ఇంజెక్షన్‌తో కూడా చేయొచ్చు, కానీ దాని ఖరీదు ఎక్కువ.

ఒకటి, రెండు వారాలు అయోడిన్ తక్కువున్న తిండి తినాలి. అయోడిన్ కలిపిన మామూలు ప్యాకెట్ ఉప్పు వద్దు, ప్యాకెట్ మీద అయోడిన్ లేదని రాసి ఉన్నది వాడాలి. సైంధవ లవణమైనా, కల్లుప్పైనా ప్యాకెట్ చదివాకే కొనండి, కొన్నింటిలో అయోడిన్ కలుపుతారు. చేపలు, రొయ్యలు, గుడ్లు, పాలు, పెరుగు, బేకరీ సరుకు, హోటల్ తిండి మానాలి. గుడిలో పెట్టే దద్దోజనం కూడా ఆ రెండు వారాలకి వద్దు. అన్నం, సంగటి, పప్పు, కూరగాయలు, పండ్లు, ఇంట్లో వేయించిన వేరుశనగలు తినొచ్చు, అన్నిట్లో ఉప్పు అయోడిన్ లేనిదే ఉండాలి. ఈ మధ్యలో రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ ఏదైనా జరిగి ఉంటే ముందే చెప్పండి, ఆ మందులో అయోడిన్ చాలా ఉంటుంది, స్కాన్ కొన్ని వారాలు వాయిదా వేయాల్సి వస్తుంది.

అయోడిన్ వైద్యం అయిన వెంటనే మొక్కు తీర్చుకోవడానికి కొండకి వెళ్ళొచ్చా?

కొన్నాళ్ళు ఆగండి. ఆ మందు అయోడిన్ 131, ఎనిమిది రోజులకి సగమవుతుంది. శరీరం నుంచి మూత్రం ద్వారా ఇంకా తొందరగానే పోతుంది. అయినా తిరుమల క్యూ కాంప్లెక్స్‌లో గంటల తరబడి పసిపిల్లల పక్కన, గర్భిణుల పక్కన నిలబడాల్సి వస్తుంది, వాళ్ళకి ఆ రేడియేషన్ అనవసరం. ఎన్ని రోజులన్నది మీకిచ్చిన డోసుని బట్టి ఆసుపత్రి వాళ్ళు డిశ్చార్జి కాగితంలో రాస్తారు. అది దాటాక నిరభ్యంతరంగా వెళ్ళండి. నడిచి ఎక్కాలనుకుంటే మాత్ర మళ్ళీ మొదలుపెట్టి ఒంట్లో సత్తువ వచ్చాక అలిపిరి మెట్లెక్కండి. టీఎస్‌హెచ్ 30 దాటిన ఒంటితో మూడున్నర వేల మెట్లు ఎక్కే సాహసం చేయకండి.

నిజంగానే మళ్ళీ వచ్చిందని తేలితే?

మెడలో ఉంటే, సైజు పెద్దదైతే ఆపరేషన్. చాలామందికి దానితోనే సరిపోతుంది. అయోడిన్ పీల్చుకునే రకమైతే మళ్ళీ అయోడిన్ వైద్యం. ఆపరేషన్ కుదరని చిన్న గడ్డలకి సూదితో ఆల్కహాల్ ఎక్కించే పద్ధతి ఉంది. అయోడిన్ పీల్చుకోకుండా వేరే అవయవాల్లో పెరుగుతుంటే లెన్వాటినిబ్, సొరాఫెనిబ్ లాంటి మాత్రలున్నాయి. వాటికి సైడ్ ఎఫెక్టులు ఉంటాయి కాబట్టి గడ్డలు పెరుగుతున్నాయని రుజువయ్యాకే మొదలుపెడతారు. మళ్ళీ వచ్చిందన్న మాట వినగానే అంతా అయిపోయిందనుకోకండి. మెడలో మళ్ళీ వచ్చి, వైద్యం చేయించుకుని, పిల్లల పెళ్ళిళ్ళు చేసి మనవళ్ళని ఎత్తుకున్న వాళ్ళు ఎంతోమంది ఉన్నారు.

మాది మెడుల్లరీ రకం అన్నారు.

అయితే థైరోగ్లోబ్యులిన్, అయోడిన్ స్కాన్ మీకు పనికిరావు. టీఎస్‌హెచ్‌ని తొక్కి ఉంచాల్సిన పనీ లేదు, మామూలు స్థాయిలో ఉంటే చాలు. మీకు రక్తంలో చూడాల్సినవి కాల్సిటోనిన్, సీఈఏ అనే రెండు గుర్తులు. అవి ఎంత కాలానికి రెండింతలవుతున్నాయన్నది చాలా ముఖ్యం. ఈ రకంలో నాలుగో వంతు మందికి అది వంశపారంపర్యంగా వస్తుంది. రెట్ జీన్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. అది పాజిటివ్ అయితే పిల్లలకి, తోడబుట్టిన వాళ్ళకి కూడా చేయించాలి. సంబంధాలు కుదరవేమోనని పిల్లల పరీక్ష దాచిపెట్టే ఇళ్ళున్నాయి. దయచేసి అలా చేయొద్దు, ముందే తెలిస్తే ఆ పిల్లల్ని క్యాన్సర్ రాకముందే కాపాడొచ్చు.

నాకు పాపిల్లరీ. మా పిల్లలకి కూడా టెస్టులు చేయించాలా?

ఎక్కువమందికి అవసరం లేదు. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇంకెవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే డాక్టర్‌కి చెప్పండి.

పెళ్ళయి రెండేళ్ళయింది. పిల్లల్ని కనొచ్చా?

కనొచ్చు. అయోడిన్ వైద్యం అయ్యాక ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. గర్భం వచ్చాక మాత్ర డోసు పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెంచాల్సి వస్తుంది, నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. అయిదో నెల దాకా నెలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. అయోడిన్ స్కాన్, అయోడిన్ వైద్యం గర్భంలో అస్సలు చేయకూడదు, మెడ అల్ట్రాసౌండ్ నిశ్చింతగా చేయొచ్చు. "క్యాన్సర్ వచ్చిన పిల్ల" అని అత్తింట్లో అనే మాటలకి వైద్యపరంగా ఏ ఆధారమూ లేదు. కావాలంటే అత్తగారిని కూడా చెకప్‌కి వెంటబెట్టుకు రండి, మేమే చెబుతాం.

ఖర్చు భరించలేకపోతున్నాం. ఏది తగ్గించుకోవచ్చు?

నెలనెలా చేసే థైరాయిడ్ ప్రొఫైల్, ఎవరో చెప్పారని చేయించే పెట్ సీటీ, బలం ఇంజెక్షన్లు మానేయండి. థైరోగ్లోబ్యులిన్, దాని యాంటీబాడీ, మెడ స్కానింగ్ మాత్రం మానొద్దు. ఆపరేషన్, వైద్యం ఖర్చుల్లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏవి వస్తాయో ఆసుపత్రిలో వైద్యమిత్ర దగ్గర అడ్మిషన్‌కి ముందే అడగండి. డబ్బులు కట్టేశాక అడిగితే కష్టం.

ఫైల్లో ఏమేం ఉండాలి?

ఆపరేషన్ నోటు, ముక్క పరీక్ష రిపోర్టు, అయోడిన్ ఇచ్చిన తేదీ, డోసు, ఆ తర్వాత తీసిన స్కాన్. మొదటి పేజీలో ఒక పట్టిక గీసుకోండి: తేదీ, ల్యాబు పేరు, టీఎస్‌హెచ్, థైరోగ్లోబ్యులిన్, యాంటీబాడీ, మాత్ర డోసు. అయిదో తరగతి చదివే పిల్ల కూడా నింపగలదు. ఓపీలో మీకు దొరికేది కొద్ది నిమిషాలే. ఆ పట్టిక ఉంటే ఆ కాసేపూ డాక్టర్ కాగితాలు వెతుక్కోకుండా మీ గురించి ఆలోచిస్తారు.

కువైట్ పనికి వెళ్తున్నాను, రెండేళ్ళకి గానీ రాను. ఏం చేయాలి?

వెళ్ళే ముందు రక్త పరీక్షలు, మెడ స్కానింగ్ చేయించుకుని వెళ్ళండి. మాత్ర పేరు, ఎన్ని మైక్రోగ్రాములో ఇంగ్లీషులో రాసిన చీటీ, డిశ్చార్జి సమ్మరీ వెంట ఉంచుకోండి, వాటి ఫొటోలు ఇంట్లోవాళ్ళ ఫోన్లోనూ ఉండాలి. అక్కడ చేయించిన మొదటి థైరోగ్లోబ్యులిన్‌ని ఇక్కడి దానితో పోల్చకండి. ఆ తర్వాత అక్కడివి అక్కడివాటితో పోల్చుకోండి. సెలవుకి వచ్చినప్పుడు ఇక్కడి పాత ల్యాబులోనే మళ్ళీ ఒకసారి చేయించండి. ఈ మధ్యలో మెడలో కొత్త గడ్డ తగిలినా, గొంతు మారి మూడు వారాలైనా తగ్గకపోయినా, మింగడం కష్టమైనా, ఎముకలో ఒకేచోట తగ్గని నొప్పి ఉన్నా సెలవు దాకా ఆగకుండా అక్కడే చూపించుకుని ఆ రిపోర్టు మాకు పంపండి.